ఇద్దరు ఎస్తేర్లు

నవంబరు 9, ఆదివారం

కమిటీ ఒప్పుకుంది. మా గుడి నూట పాతికేళ్ళ పండగకు గేటు పక్కన నల్లరాయి పెడతారు. దాని మీద 'బైబిలు స్త్రీ ఎస్తేరమ్మ' అని చెక్కిస్తారు. ఎస్తేరమ్మ అంటే మా అమ్మకు అవ్వ, వాళ్ళ నాయన సైమన్ గారిని కన్నతల్లి. పుస్తకాల గంప నెత్తిన పెట్టుకుని, పల్లె పల్లె తిరిగి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పిన మనిషి. రాయి మీది గుడ్డ తీసేది మా అమ్మ దేవకమ్మ. ఎనభై నాలుగేళ్ళు. ఆ మాట విన్నప్పటి నుంచి ఏ చీర కట్టుకోవాలని నన్ను చంపుతోంది.

సావనీర్‌లో గుడి చరిత్ర రాసే పని నాకు అంటగట్టారు. సోషల్ టీచర్‌ని కదా. సంఘం సెక్రటరీ సురేంద్రబాబు, మీ ఇంటి కథే గదక్కా, మీరే రాసుకోండి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కరెంటాఫీసులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. నవ్వుతూనే ఫ్యూజు పీకుతాడు.

నవంబరు 13, గురువారం

పాత రిజిస్టర్లు ఉదయగిరిలో ఒక రిటైర్డ్ పాస్టరు గారింట్లో, ట్రంకు పెట్టెలో దొరికాయి. నా స్కూలూ అక్కడే కాబట్టి సాయంత్రం పోయి తెచ్చుకున్నాను. నాలుగు పుస్తకాలు. రెండు చెదలు తిన్నాయి, రెండు నాకు వదిలాయి. ఒళ్ళో పెట్టుకుని మా ఆత్మకూరు దాకా బస్సులో తుమ్ముతూనే ఉన్నాను.

నవంబరు 16, ఆదివారం

స్త్రీల సమాజం హాజరు 46. రజిని రాలేదు. రాదు కూడా. ఏప్రిల్‌లో దాని పేరు నేనే కొట్టేశాను. మూడు నెలలు వరసగా ఆదివారాలు మానితే పేరు తీసెయ్యాలని రూలు. రూలు నేను పెట్టలేదు, రిజిస్టరు రాసేదాన్ని, అంతే. సంఘంలో ఆడవాళ్ళ లెక్కంతా ఈ రిజిస్టరే, అందులో ఇంటికొక లైను. రజిని పేరుతో పాటు, మంచాన పడ్డ వాళ్ళమ్మ శీనమ్మ పేరు కూడా అదే ఎర్రగీత కింద పోయింది.

అప్పుడు రజిని మా ఇంటికొచ్చింది. నిమ్మకాయల కోతకు మేస్త్రి పిలిచిన రోజు పోకుంటే మళ్ళీ పిలవడు టీచరమ్మా, ఆదివారం అని కడుపు ఊరుకుంటాదా అంది. నేను మా ఎస్తేరమ్మ సంగతి చెప్పాను. ఆదివారం పొయ్యి కూడా ముట్టించేది కాదు, శనివారమే వండుకునేది అని. ఈ మాట మా ఇంట్లో మూడు తరాలుగా ఊరగాయలాగా నిలవ ఉంది. రజిని తల ఊపి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను చాలా బాగా మాట్లాడానని అనుకున్నాను.

నవంబరు 20, గురువారం

లీజర్ పీరియడ్. స్టాఫ్ రూమ్.

ఎస్తేర్లు ఇద్దరు.

1900 బాప్తిస్మాల పేజీ. ఒక్కరోజే ముప్పై ఒక్క మంది. అంతమందికి కొత్త పేర్లు పెట్టాలంటే ఏ మిషన్ దొరకైనా ఓపిక ఎక్కడిది. ముగ్గురు యోహానులు, ఇద్దరు మార్తలు, ఇద్దరు ఎస్తేర్లు.

'ఎస్తేరు, విధవ, సంతు లేదు.' పక్కన వేరే సిరాతో 'బైబిలు స్త్రీ.'

'ఎస్తేరు, ఓబయ్య భార్య.' దాని కింద 1903లో 'కుమారుడు సైమను.'

సైమను మా తాత. బైబిలు స్త్రీకి పిల్లలే లేరు. మూడుసార్లు చదివాను. బెల్లు కొట్టినా క్లాసుకు పోలేదు.

అదే రోజు, సాయంత్రం 5, బస్టాండు

మా ఎస్తేరు కథ పది పేజీల తర్వాత దొరికింది. 1908. 'ఓబయ్య విధవ ఎస్తేరు మూడు ఆదివారములు నాట్లకు పోయినందునను, హెచ్చరించినను మాననందునను, సంఘమునుండి వెలివేయబడెను.' మరుసటి ఏడు ఇంకొక్క లైను. 'వెలియైన ఎస్తేరు మృతి. కాలువగట్టున పాతిరి.'

సమాధుల తోటలో కాదు. కాలువగట్టున.

రాసినవాడి దస్తూరీ గుండ్రంగా ముచ్చటగా ఉంది. నా దస్తూరీని కూడా అందరూ అలాగే మెచ్చుకుంటారు.

నవంబరు 21, శుక్రవారం

అమ్మకు చెప్పలేదు. చీర ఇస్త్రీకి ఇచ్చి వచ్చింది.

నవంబరు 26, బుధవారం

పొద్దున శీనమ్మ పోయింది.

రజిని సమాధుల తోటలో చోటు అడగడానికి సురేంద్రబాబు దగ్గరికి పోయింది. రిజిస్టరులో పేరుంటేనే అక్కడ చోటు. ఆయన పాస్టరు గారినీ, ఇద్దరు పెద్దలనూ గుడి వరండాలోకి పిలిపించి, నాకు ఫోన్ చేసి రిజిస్టరు తెమ్మన్నాడు. స్కూలుకు హాఫ్ డే లీవు పెట్టి తీసుకుపోయాను. పేరు ఉండాదా అక్కా అని అడిగాడు. పుస్తకం ఆయన కూడా తీసి చూడొచ్చు. చూడడు. నన్ను అడుగుతాడు.

నేను పేజీ తీసి, కొట్టేసి ఉంది అన్నాను.

రజిని గేటు దగ్గర నిలబడి ఉంది. చీర అంచుకు నిన్నటి నాట్ల బురద ఎండి ఉంది. సురేంద్రబాబు వైపు చూడలేదు, నా వైపే చూసింది. ఆయన మాత్రం మంచి మాటలే చెప్పాడు. మనకేం పగ కాదమ్మా, పండగ ముందర కొత్త వాడుక పెడితే రేపు ఇంకొకరు అడగతారు అన్నాడు. పాస్టరు గారు నేల చూశారు. ఆయనకు నేల చూడటం బాగా అలవాటు.

నేను నోరు తెరవచ్చు. తెరిస్తే, గీసింది మీరే గదా అక్కా అంటాడు. దాని వెనకే నేను దాచుకున్న పేజీ బయటికొస్తుందని భయం. ఇది సగం నిజం. పూర్తి నిజం ఏమిటంటే, నా గీత తప్పని నలుగురిలో ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. ముప్పై ఏళ్ళు పిల్లల పేపర్లు ఎర్రసిరాతో దిద్దిన చెయ్యి ఇది. దాన్ని దిద్దేవాళ్ళు ఎవరూ లేరు.

నవంబరు 27, గురువారం

శీనమ్మను కాలువగట్టున పాతారు. నేను పోలేదు. స్కూల్లో ఇన్‌స్పెక్షన్ ఉందని చెప్పాను. ఇన్‌స్పెక్షన్ ఏమీ లేదు.

డిసెంబరు 2, మంగళవారం

సావనీర్ ప్రెస్సుకు ఇవ్వాలి. మిగిలిన పేజీలు తిరగేశాను. 1911.

'బైబిలు స్త్రీ ఎస్తేరు తన కుమారుడైన సైమనును బోర్డింగు బడికి తెచ్చెను. సంఘసభ్యురాలి బిడ్డ గనుక చేర్చుకొనబడెను.'

తన కుమారుడట. సంతు లేని మనిషికి ఎనిమిదేళ్ళ కొడుకు!

వెలియైనదాని బిడ్డకు బోర్డింగులో చోటు ఉండదు. తల్లీ తండ్రీ పోయి వీధిన పడ్డ పిల్లవాణ్ణి ఈ బైబిలు స్త్రీ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, నా కొడుకే అంది. బోర్డింగు వాళ్ళు రిజిస్టరు చూసుకుని ఉంటారు. ఎస్తేరు ఉంది, కొడుకు సైమను ఉన్నాడు. సరిపోయింది. ఏ ఎస్తేరు అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆమె ఉద్యోగం పోయేది, నెత్తి మీది గంప పోయేది. తెలిసే చేసింది. చేతిలో బైబిలు పెట్టుకుని అబద్ధం ఆడింది. ఆ అబద్ధంతోనే మా తాత చదువుకున్నాడు, మా అమ్మ చదువుకుంది, నేను టీచర్నయ్యాను. టీచర్నై, నిజం తప్ప చెప్పనిదాన్నై, శీనమ్మను కాలువగట్టుకు పంపాను.

ఇంకొకటి కూడా రాసుకోవాలి. మా రిజిస్టరులో ఇంకో శీనమ్మ ఉంది. నెల్లూరులో కొడుకు దగ్గరికి పోయి పదేళ్ళయింది. ఒక్క ఆదివారమూ రాలేదు. పెద్దింటి మనిషని ఆ లైను మీద ఎవరూ గీత గీయలేదు. ఎవరూ ఏమిటి, నేనే గీయలేదు. ఆ రోజు వరండాలో ఆ లైను మీద వేలు పెట్టి, శీనమ్మ ఉంది అంటే చాలు. సురేంద్రబాబు జేబులోంచి కళ్ళజోడు కూడా తీసేవాడు కాదు.

ఆ వేలు పెట్టడానికి నాకు బుద్ధి పుట్టలేదు.

డిసెంబరు 4, గురువారం

సురేంద్రబాబుకు అన్ని పేజీలూ చూపించాను. అన్నీ చదివాడు. పేరు అదే గదక్కా, రాయి మార్చే పనేముండాది అన్నాడు. సావనీర్‌లో మాత్రం ఆ నాట్ల సంగతి వద్దట, పండగ పూట బాగుండదట. రజిని పేరు మళ్ళీ ఎక్కించుకుందాం అన్నాను. పండగ కానీండి, చూద్దాం అన్నాడు. కరెంటాఫీసులో ఆ 'చూద్దాం' విన్నవాళ్ళంతా దీపాలు కొనుక్కుని ఉంటారు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, నన్ను తిడుతుందనుకున్నాను. చేతి గాజులు తిప్పుకుంటూ కూర్చుంది. ఈస్టరు తెల్లారి అందరూ సమాధుల తోటకు పూలు తీసుకుపోతే, మా నాయన ఒక్కడే కాలువగట్టుకు పోయినాడు మే, ఏటేటా పోయినాడు, పండ్లు తోముకోను పోతావుండాడు అనుకున్నాము అంది.

డిసెంబరు 7, ఆదివారం

పండగ అయింది. షామియానా, బ్యాండు, బిరియానీ.

అమ్మ గుడ్డ తీసింది. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. మా అవ్వలు ఇద్దరు, ఒకరు కన్నారు, ఒకరు పెంచినారు, ఇద్దరూ ఎస్తేరమ్మలే అంది. కన్నామె ఈ తోటలో లేదు, కాలువగట్టున ఉండాది, మొన్న శీనమ్మను పెట్టినారే, ఆ పక్కనే అంది.

జనం చప్పట్లు కొట్టారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సురేంద్రబాబు మైకు అందుకుని, పెద్దామె, వయసు మీద పడింది అని నవ్వాడు. అందరూ నవ్వారు. అమ్మ కుర్చీలో కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. నేను లేచి, ఆమె చెప్పింది నిజం అనాలి. లేవలేదు. అమ్మ కాసేపటికి చెయ్యి వదిలేసింది.

రజిని రాలేదు. నాట్లు.

డిసెంబరు 14, ఆదివారం

వచ్చింది 46 మంది. హాజరు 48 వేశాను.

రజిని, ఉంది.

శీనమ్మ, ఉంది.