నా తర్వాత మా కోడలి దగ్గర ఎవరుంటారు

కళ్ళద్దాల దుకాణం అమ్మ అని ఈ వీధిలో అందరూ పిలిచే నేను, వయసు అరవై ఎనిమిది, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో, నా ఇష్టప్రకారం రాయించి సంతకం చేస్తున్న వీలునామా ఇది. బుర్ర సవ్యంగా ఉండడం ఎంత భాగ్యమో మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి, ఆ సంగతి డాక్టరు చేత కూడా రాయించి దీనికి జతపరిచాను. నాకు పాడైంది గుండె కవాటం మాత్రమే. వచ్చే సోమవారం ఆపరేషన్. ఏం ఫరవాలేదంటున్నారు. నా భర్తకూ అలాగే చెప్పారు.

1. రెండు గదులు, వంటిల్లు, వెనక వరండా గల నా స్వార్జితమైన ఇంటిని, నా కోడలు బతికున్నంత కాలం ఆమె నివసించి అనుభవించే హక్కుతో ఇస్తున్నాను. ఆమె జీవితకాలంలో దీన్ని అమ్మడానికి గానీ, తాకట్టు పెట్టడానికి గానీ, ఆమెను ఖాళీ చేయించడానికి గానీ ఎవరికీ అధికారం లేదు. ఆమె తదనంతరం నా కొడుకు, కూతురు చెరిసగం పంచుకోవాలి. వరండా మెట్ల పక్కన బిగించిన ఇనుప కడ్డీని, అందం చెడిందని ఎవరూ పీకించరాదు.

నా కోడలు సిటీ బస్సు డ్రైవరు. దస్తావేజు రాసేవాడు "మాజీ" అని చేర్చబోతే ఆపించాను. నాలుగేళ్ళ కిందట డిపోలో, వెనక్కి వస్తున్న బస్సు అద్దం తలకు తగిలి గచ్చు మీద పడింది. బతికింది. నడుస్తుంది, మాట్లాడుతుంది, మనుషుల్ని గుర్తుపడుతుంది. అందుకే చూసినవాళ్ళు "బాగానే ఉందిగా" అంటారు. పొయ్యి వెలిగించి మరిచిపోవడం వాళ్ళు చూడరు.

2. ఆమెను చూసుకునేవారు ఎవరైనా సరే ఇవి పాటించాలి. ఫిట్సు మాత్రలు ఏ పూటా తప్పకూడదు. బయటికి వెళ్ళేటప్పుడు గ్యాసు సిలిండరు దగ్గరే కట్టెయ్యాలి. పొయ్యి దగ్గర కట్టేశాం కదా అనుకోకూడదు. టీవీ, మిక్సీ ఒకేసారి మోగించకూడదు, ఆమెకు తల పగిలిపోతుంది. ఏం కావాలని అడగకూడదు. ఇది తింటావా అని ఒక్కటే అడగాలి. నోటికొచ్చింది అంటుంది. నాతో, "అత్తయ్యా, నీ మొహం ఎండలో మరిచిపోయిన చెప్పులా ఉంది," అంది. కోపం తెచ్చుకోకండి. పూర్వం ఇలాంటివి మనసులో అనుకుని ఊరుకునేది. ఇప్పుడు మనసుకీ నోటికీ మధ్య తలుపు లేదు. పైగా అద్దంలో చూసుకుంటే ఆ పోలిక నాకూ సరిగానే తోచింది.

3. మా ఆడపడుచు, మా వంటింట్లో నిలబడి, కోడలు వింటుండగా, అబ్బాయికి ఇంకో పెళ్ళి చెయ్యమని నాకు చెప్పినందున, ఆమెకు ఏమీ రాయడం లేదు. చత్వారం అద్దాలు మాత్రం షాపులో ఉచితంగా మార్పించుకోవచ్చు.

4. కళ్ళద్దాల దుకాణం, అద్దాలు అరగదీసే మిషనుతో సహా, నా కొడుక్కి ఇస్తున్నాను.

ఇది రాయకూడదనే అనుకున్నాను. మొదటి ఏడాది వాడు భార్యకు స్నానం చేయించాడు, చెంచాతో తినిపించాడు, అడుగులు వేయించాడు. తర్వాత ఒకరోజు, "అమ్మా, మొహమే ఆమెది. నేను పెళ్ళి చేసుకున్న మనిషి ఇందులో లేదు," అని చెప్పి షాపు మీది గదికి మారిపోయాడు. ఆదివారాలు పళ్ళు తెచ్చి, చుట్టంలా కూర్చుని వెళ్ళేవాడు.

పోయిన నెల పరీక్షల కోసం నేను ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. వేరే దారి లేక ఆమెను వాడికి అప్పగించాను. మర్నాడు మధ్యాహ్నం వాడికి కునుకు పట్టేసరికి ఆమె తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. వీధులన్నీ గాలించి చివరికి డిపోకి వెళితే, ఆగి ఉన్న బస్సులో డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని ఉంది. టైమైపోతోంది, దిగనంటుంది. వాడు చెయ్యి పట్టి లాగితే కొరికింది. అప్పుడు ఒకప్పటి ఆమె జోడీ, కండక్టరమ్మ, ఏ వాదనా పెట్టుకోకుండా వెనక తలుపు దగ్గర నిలబడి, "లాస్టు స్టాపు, అందరూ దిగాలమ్మా," అని కేకేసింది. మా కోడలు బ్రేకు వేసి దిగింది.

నేను ఇంటికి వచ్చేసరికి వాడు చేతికి కట్టుతో గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు. "అమ్మా, రోజూ ఇంత భయంతోనే ఉంటున్నావా?" అన్నాడు. అవునన్నాను. మర్నాడు పరుపు చుట్ట తెచ్చి ముందు గదిలో వేసుకున్నాడు.

ఎన్నాళ్ళుంటాడో నాకు తెలియదు. ఆమెను చూసుకుంటేనే షాపు నీది అని రాయమని అందరూ చెప్పారు. రాయను. అలా రాస్తే, ఆమె మొహం చూసినప్పుడల్లా వాడికి నా షరతే కనబడుతుంది. అలసిపోయినప్పుడు మాత్రం చెప్పాలి. చెప్పకుండా వెళ్ళిపోకూడదు.

5. కండక్టరమ్మకు నా ఊదారంగు శాలువా, మా ఇంటికి ఎప్పుడైనా వచ్చే హక్కు. సెలవురోజున కోడల్ని బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పే అలవాటు ఆమె ఓపికున్నంత కాలం సాగించాలని కోరుతున్నాను. ఆజ్ఞ కాదు, కోరిక.

6. లెక్కల టీచరైన నా కూతురికి నా బంగారు గాజులు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. ఫోనులో సలహాలివ్వడంలో మా అమ్మాయిని మించినవాళ్ళు లేరు. ఇకమీదట రైలెక్కి వచ్చి ఇవ్వాలి. అందరూ చేతులెత్తేసి కోడల్ని హోములో చేర్చవలసి వస్తే, ముందు మా అమ్మాయి వెళ్ళి అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని చూడాలి. నేను ఒకటి చూశాను. నేల అద్దంలా ఉంది. గదుల గడియలన్నీ బయటివైపే ఉన్నాయి.

7. ఈ ఉదయం పై క్లాజులన్నీ చదివి వినిపిస్తుంటే కోడలు పక్కనే కూర్చుని విన్నది. అంతా అయ్యాక, "అత్తయ్యా, ఇందులో నన్నెవరికి ఇచ్చావు?" అని అడిగింది. దస్తావేజు రాసేవాడు తల వంచుకున్నాడు. నేను, "నిన్నెవరికీ ఇవ్వలేదే. ఇల్లే నీకిచ్చాను. వాళ్ళందరూ నీ ఇంటికి వస్తారు," అన్నాను. సరేనంది. మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ అడిగింది.

కనుక నా వారసులందరికీ ఇదే ఆఖరి ఆదేశం. ఆమె ఈ ప్రశ్న అడిగిన ప్రతిసారీ, అప్పుడే మొదటిసారి విన్నట్టు, విసుక్కోకుండా, ఇదే జవాబు చెప్పాలి. ఆ తర్వాత అది నిజమయ్యేలా చూడాలి.

తేదీ: 2023 జూన్ 14, బుధవారం

(సంతకం) కళ్ళద్దాల దుకాణం అమ్మ

మా ఎదుట సంతకం చేశారని ధ్రువీకరిస్తున్న సాక్షులు:
1. మూల మీది మందుల షాపు యజమాని
2. పక్కవాటా టైపు మాస్టారు