వసారా మెషిన్

జూన్ 3, సోమవారం

టీ మరుగుతుండగా ఫోన్‌లో ఊరికే ఆ అడ్రస్ కొట్టి చూశాను. తెరుచుకుంది. మా కంపెనీ సర్వర్లన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే క్లస్టర్ మేనేజ్‌మెంట్ పేజీ, నా వంటింట్లో, అంట్ల గిన్నెల పక్కన. మధ్యలో ఏ అడ్డూ లేదు. ఎవరు కొట్టినా ఇలాగే తెరుచుకుంటుంది.

ఆఫీసులో మెట్ల కింద గదిలో ఉండే పాత సర్వర్లు తీసేసి రెండు నెలలైంది. ఇప్పుడంతా ఒక హోస్టింగ్ కంపెనీ బిల్డింగులోని మూడు పెద్ద యంత్రాల మీద నడుస్తోంది. వాటి లోపల నలభై వర్చువల్ మెషిన్లు, యంత్రంలో యంత్రాల్లాంటివి. మా పన్నెండు టెస్టింగ్ సెంటర్లలో రక్తం ఇచ్చినవాళ్ళవీ, గడ్డలు పరీక్ష చేయించుకున్నవాళ్ళవీ రిపోర్టులన్నీ అందులోనే. ఆ పేజీలోకి వెళ్ళగలిగితే చాలు, ఏ మెషిన్ తెరైనా తెరవచ్చు, ఎవరి రిపోర్టైనా చదవచ్చు.

యూజర్ పేరు అడ్మిన్. పాస్‌వర్డ్ కంపెనీ పేరు, పక్కన ఒకటి రెండు మూడు. పదకొండు మందిమి అదే వాడుతున్నాం. పదకొండు మంది ఒకే టూత్‌బ్రష్‌తో పళ్ళు తోముకుంటున్నట్టు. టీ సింకులో పోసేశాను.

మేనేజర్‌కి చెప్పాను. ఆయన్ని అందరం చాటుగా పర్లేదుగారు అంటాం. పర్లేదమ్మా, మన అడ్రస్ ఎవడికి తెలిసి చచ్చింది అన్నారు. ఎవరికీ తెలియక్కర్లేదు సార్, ప్రతి అడ్రస్‌నీ తట్టి చూసే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి అన్నాను. అయితే నెలాఖరులోగా నువ్వే ఏదో ఒకటి బిగించెయ్ అన్నారు. నెలాఖరుకి ఇన్సూరెన్స్ కంపెనీకి డిక్లరేషన్ ఇవ్వాలట. క్లస్టర్‌లోకి భద్రమైన దారిలోనే వెళుతున్నామనీ, ఈ నెలలో పని లేకుండా ఎవరి రిపోర్టూ ఎవరూ చూడలేదనీ. సంతకం ఎవరిది సార్ అంటే, చేసేదానివి నువ్వేగా అన్నారు.

జూన్ 4, మంగళవారం

కాగితం మీద బొమ్మ గీశాను. బయటి నుంచి ముందు వీపీఎన్, అంటే మావాళ్ళకి మాత్రమే తెరుచుకునే చాటు దారి. ఎవరి కీ వాళ్ళది. దానికి తోడు ఫోన్‌లో అర నిమిషానికోసారి మారే ఆరంకెల నంబర్. రెండూ దాటాక ఒక చిన్న మెషిన్. అందులో కూర్చునే లోపలి నలభై మెషిన్లనీ చూడాలి. అక్కడ ఎవరేం చేసినా తెర మొత్తం రికార్డ్ అవుతుంది.

దానికి వసారా అని పేరు పెట్టాను. చెప్పులు విప్పి, ఎవరో చెప్పుకుని, అప్పుడు లోపలికి వెళ్ళాలి. డేటాబేస్ చూసే ఆవిడ పగలబడి నవ్వింది. పడక్కుర్చీ కూడా వేయించు తల్లీ, మా మావగార్ని పంపిస్తా అంది.

జూన్ 6, గురువారం

పాత లాగ్స్, అంటే ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో ఉండే చిట్టాలు, తిరగేస్తున్నాను. తిరగేయకుండా ఉండాల్సింది.

కిందటి నెలలో మూడో సెంటర్ రిసెప్షనిస్టు ఉద్యోగం మానేసింది. పెళ్ళి కాని పిల్ల. ఆమె చేయించుకున్న టెస్టు గురించి మా క్యాంటీన్‌లో మూడు రోజులు జోకులు నడిచాయి. ఎవరు బయటపెట్టారో ఎవరికీ తెలియదన్నారు. ఇప్పుడు చూస్తే, జోకులు మొదలవడానికి ముందు రోజు ఆమె రిపోర్టు మూడుసార్లు తెరిచారు. తెరిచినవారు: అడ్మిన్. అంటే పదకొండు మందిలో ఎవరైనా. అంటే ఎవరూ కాదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరి మొహాలూ వరసగా చూశాను. పెరుగు కలుపుకుంటున్న చేతులన్నీ చూశాను. ఈ చేతుల్లో ఏవో రెండు. అప్పుడు ఆ జోకులకి నేను నవ్వలేదు. లేచి వెళ్ళిపోలేదు కూడా.

జూన్ 7, శుక్రవారం

చెల్లెలు ఫోన్ చేసింది. రొమ్ములో గడ్డ. రెండు నెలల నుంచి ఉందట, మాటవరసకైనా అనలేదు. సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారట. ఎక్కడిచ్చావే అంటే, మీ నాలుగో సెంటర్లోనే, మా సందు చివర అదొక్కటే ఉంది మరి అంది. వారంలో రిపోర్టు.

తర్వాత గొంతు మార్చింది. అక్కా, నీ కంప్యూటర్లలో దూరి చూడకు, నామీద ఒట్టు అంది. టెన్త్ రిజల్ట్ నాకంటే ముందు పేపర్లో చూసి, నేను నిద్ర లేచేలోగా వీధి వీధంతా చాటింపేశావు, మర్చిపోలేదు నేను అంది. నా ఒంటి సంగతి నాకంటే ముందు నీకు తెలియడానికి వీల్లేదు, నేనే చూసుకుని నేనే చెప్తా అంది.

ఛ, నేనెందుకు చూస్తానే అన్నాను. నిజంగానే కోపం వచ్చింది. రిసెప్షనిస్టు సంగతి ఆమెకి చెప్పి ఇద్దరం కలిసి తిట్టుకున్నాం కూడా.

జూన్ 11, మంగళవారం

ఈ రోజు కీలు పంచాను. ఒక్కొక్కర్నీ పిలిచి, ఒక్కొక్కరికీ వాళ్ళ క్యూఆర్ కోడ్ చూపించి, మీ ఫోన్‌తో మీరే స్కాన్ చేసుకోండి, ఇంకెవరికీ చూపించకండి అని పదిసార్లు చెప్పాను. గొంతు పోయింది.

గంట తిరక్కుండా పర్లేదుగారు తన క్యూఆర్ ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టారు. నేను లీవులో ఉన్నప్పుడు ఎవరైనా వాడుకోండి అని కింద రాసి. తొమ్మిదిమంది చక్కగా స్కాన్ చేసుకున్నారు. ఇప్పుడు పది ఫోన్లలో అరనిమిషానికోసారి పర్లేదుగారి నంబరే తిరుగుతోంది. డేటాబేస్ ఆవిడ అయితే ప్రింటు తీయించి టేబుల్ అద్దం కింద, వాళ్ళ అబ్బాయి ఫోటో పక్కన పెట్టుకుంది. ఎంత నీట్‌గా ఉందో చూడు అంది.

అన్నీ రద్దు చేసి మళ్ళీ మొదటి నుంచి. టాయిలెట్‌కి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. మురికి చేతులది కాదని తెలుసు.

జూన్ 13, గురువారం, మధ్యాహ్నం 2 గంటలు

హోస్టింగ్ కంపెనీ ఇంజనీరుతో ఫోన్‌లో ఉండి బయటి తలుపు మూయించాను. మేడమ్, ముందు మీ వీపీఎన్ దారి పనిచేస్తోందని చూసుకోండి, చాలామంది వాళ్ళ తలుపు వాళ్ళే మూసుకుని బయట నిలబడి మాకు ఫోన్ చేసి ఏడుస్తారు అన్నాడు. రెండుసార్లు చూసుకున్నాను. మూశాడు.

వీధిలోకి వెళ్ళి ఫోన్‌లో ఆ అడ్రస్ కొట్టాను. తిరుగుతోంది, తిరుగుతోంది, ఏమీ రాలేదు. తెల్లటి తెర. నెల మొత్తంలో ఇదొక్కటే శుభ్రంగా కనిపించింది.

జూన్ 14, శుక్రవారం

వసారా రికార్డింగ్ సరిగ్గా వస్తోందో లేదో పరీక్షించాలి. దానికోసం ఏదో ఒక రిపోర్టు తెరవాలి. ఇలాంటి పనికనే ఇరవై డమ్మీ రిపోర్టులు నేనే తయారు చేసి పెట్టాను. టెస్ట్ పేషెంట్ వన్, టెస్ట్ పేషెంట్ టూ.

నేను చెల్లెలి పేరు కొట్టాను.

చెయ్యి దానంతటదే కొట్టింది అని రాయబోయి ఆగాను. చెయ్యి దానంతటదే ఏదీ కొట్టదు. నిజమైన రిపోర్టుతో పరీక్షిస్తేనే కదా నమ్మకం అనుకున్నాను. ఆ అనుకోవడం అబద్ధమని అనుకుంటున్నప్పుడే తెలుసు.

క్యాన్సర్. రెండో పేరాలో ఉంది. మొదటి పేరా అంతా ముక్క కొలతలూ రంగూ.

రికార్డింగ్ బాగా వచ్చింది. నాలుగు నిమిషాల పది సెకన్లు. పైన మూలన నా పేరు.

జూన్ 15, శనివారం

పొద్దుటి నుంచి ఎన్నిసార్లు కడుగుతావు ఆ చేతులు, అరిగిపోతాయి అన్నారు మా ఆయన.

జూన్ 17, సోమవారం

చెల్లెలు ఫోన్ చేసింది. బానే ఉందక్కా, ఏదో కొవ్వు గడ్డట, ఊరికే హడలగొట్టి చంపారు అంది. నవ్వింది కూడా.

హమ్మయ్య అన్నాను. ఆ హమ్మయ్య ఎంత సహజంగా వచ్చిందంటే, ఫోన్ పెట్టేశాక అసహ్యం వేసింది.

నన్ను బాధపెట్టకూడదని దాస్తోంది. దాచుకునే హక్కు ఆమెది. డాక్టర్ చూసుకుంటుంటాడు. వైద్యం మొదలయ్యాక ఆమే చెబుతుంది. అప్పటిదాకా ఏమీ తెలియనట్టు ఉండటమే నేను చేయగలిగిన మర్యాద. ఇది మర్యాదేనా, లేక దొరక్కుండా ఉండటమా? రెండూ ఒకేలా ఉన్నాయి.

జూన్ 20, గురువారం

పర్లేదుగారు దొరికారు. వసారా రికార్డింగులు వారానికోసారి చూడటం నా డ్యూటీ. మంగళవారం మూడున్నరకి ఆయన ఒక కుర్రాడి పేరు కొట్టారు. మూడుసార్లు తప్పు కొట్టి నాలుగోసారి పట్టుకున్నారు. లివర్ టెస్టు దగ్గర జూమ్ చేశారు. అక్కడే రెండు నిమిషాలు ఆగారు.

తలుపేసి అడిగాను. దాచలేదు. మా అమ్మాయికి చూస్తున్న సంబంధమమ్మా, తాగుడు అలవాటుందేమోనని అన్నారు. ఇది నేరం సార్ అన్నాను. ఏం నేరం, పిల్లనిచ్చేవాడు ఆరా తీయడా, అయినవాళ్ళ కోసమేగా చూసింది, ఊళ్ళో వాళ్ళ కోసం చూశానా అన్నారు. నీదాకా వస్తే నీకే అర్థమవుతుంది, నీ ఇంట్లో అలాంటి అవసరం పడితే నువ్వు మాత్రం చూడవూ అన్నారు.

ఆయన మొహం మీద కూర్చున్న ఆ తృప్తి చూస్తే ఒళ్ళు జలదరించింది. నేను గట్టిగా మాట్లాడాను. చాలా బాగా మాట్లాడాను. నమ్మి వచ్చి ఒంట్లో రక్తం ఇచ్చిపోయినవాళ్ళ గురించి, మానేసి వెళ్ళిపోయిన ఆ పిల్ల గురించి. ఆయన తల దించుకున్నారు. వెళ్ళబోతుంటే వెనక నుంచి, అవునమ్మా, అందరి రికార్డింగులూ నువ్వు చూస్తావు, మరి నీవి ఎవరు చూస్తారు అన్నారు. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అడిగారు.

ఎవరూ చూడరు.

జూన్ 24, సోమవారం

రికార్డింగులు చెరిపే హక్కు ఒక్క నా కీకే ఉంది. అలా పెట్టింది నేనే. పద్నాలుగో తారీఖుది చెరిపేస్తే డిక్లరేషన్‌లో ఒక్క పేరే ఉంటుంది, పర్లేదుగారిది. లేదా ఆయనదీ చెరిపేసి, ఎవరూ చూడలేదని రాసి, ఇద్దరం హాయిగా ఉండొచ్చు. ఆయన సంతోషంగా ఒప్పుకుంటారు.

నిజం రాస్తే ఉద్యోగం ఉండకపోవచ్చు. అదొక భయం. చెల్లెలికి తెలుస్తుంది. అది ఇంకో భయం. రెండిట్లో ఏది పెద్దదో ఎంత ఆలోచించినా తేలలేదు. చెరపలేదు. చెరపనని కూడా అనుకోలేదు.

జూన్ 26, బుధవారం, ఉదయం 11 గంటలు

డిక్లరేషన్‌కి జతచేయడానికి, ఈ నెలలో ఏ రిపోర్టు ఎవరు ఎప్పుడు తెరిచారో జాబితా తీశాను. చెల్లెలి పేరున్న వరస దగ్గర ఆగిపోయాను.

ప్రింటు ఇచ్చింది: లేదు. డాక్టర్‌కి పంపింది: లేదు. పేషెంటు ఫోన్‌కి పంపిన లింకు: తెరవలేదు. చూసినవారు: ఒకరు.

ఆ ఒకరు నేను.

దాచడం కాదు. ఆమె చూడనే లేదు. భయపడి ఆ లింకు ముట్టుకోలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు, నాకు కొవ్వు గడ్డ అని చెప్పి ఊరుకుంది. పన్నెండు రోజులు. రిపోర్టు రాసినవాళ్ళు కాక, ప్రపంచం మొత్తంలో ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, పన్నెండు రోజులు మర్యాదగా కూర్చున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం 3 గంటలు, చెల్లెలి ఇల్లు

ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఈ వేళప్పుడు వచ్చావేంటి, ఆఫీసు ఎగ్గొట్టావా అంది. కూర్చోకుండానే చెప్పాను. నీ రిపోర్టు చూశాను, పద్నాలుగో తారీఖున, వద్దన్నా చూశాను అని.

దుప్పటి మడత పూర్తి చేసింది. అంచులు కలిపింది. ఒట్టు పెట్టానే అంది. పెట్టావు అన్నాను. టెన్త్ రిజల్ట్ అనుకున్నావా అంది. ఇంకా చాలా అంది, అవి ఇక్కడ రాయను. అన్నీ నిజమే.

తర్వాత చాలాసేపటికి, నా వైపు చూడకుండా, అందులో ఏముంది అంది.

ఆ మాట నా నోటితో చెప్పకూడదు అనిపించింది. ఆమె ఫోన్ బల్ల మీద ఉంది. తీసి ఆమె చేతిలో పెట్టాను. నేను చూస్తుండగా తెరవను, బయటికి పో అంది. వాకిట్లో నిలబడ్డాను. కాసేపటికి తలుపు దగ్గరికి వచ్చి, ఆస్పత్రికి రేపా ఎల్లుండా అని అడిగింది. కొత్తవాళ్ళని అడిగినట్టు.

జూన్ 28, శుక్రవారం

డిక్లరేషన్ పంపేశాను. పని లేకుండా చూసినవారు అన్న గడిలో రెండు పేర్లు. నా పేరు తీసెయ్యమ్మా, కావాలంటే నీది ఉంచుకో, పర్లేదు అన్నారు ఆయన. తీయలేదు.

పది గంటలకి ఆస్పత్రి. చెల్లెలు నాతో మాట్లాడదు. రావద్దని మాత్రం అనలేదు.

బయల్దేరే ముందు నా కీ నేనే రద్దు చేశాను. సరిగ్గా అయిందో లేదో చూద్దామని వీధిలో నిలబడి వసారా తట్టాను. నువ్వెవరో తెలియదంది. మళ్ళీ తట్టాను. బాగా పనిచేస్తోంది.