కాపురం చేయని ఫ్లాట్

బావా,

మా ఫ్లాట్‌కి బేరం కుదిరిందని కబురు పంపావు. వద్దని చెప్పేయ్. ఈ ఉత్తరం తెచ్చిన ఆటో అతనికి తాళంచెవి ఇచ్చి పంపు.

"ఎవరూ కాపురం ఉండకపోతేనే కొత్తదాని రేటు పలుకుతుంది" అన్నావు. నీ మాట జవదాటలేదు. ధర పెరిగినప్పుడు ఇంకా పెరుగుతుందని, పడ్డాక మళ్లీ లేస్తుందని, ఆ చెమ్మ గోడల మధ్యే అద్దెకున్నాం. మీ చెల్లెలు దగ్గుతూనే ఫ్లాట్‌కి వెళ్లి, అక్కడి స్విచ్చుల మీది ప్లాస్టిక్ కవర్లకి దుమ్ము తుడిచి వచ్చేది.

"మా చేతుల్లో ఏం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు డాక్టరు పొద్దున.

"ఏ ఇంటికి?" అంది తను.

అక్కడికే తీసుకెళ్తున్నాను. ఒక్క కవరైనా తన చేత్తో పీకిస్తాను. రేపెప్పుడైనా కొనేవాళ్లొస్తే దాచకు. ఇందులో కాపురం ఉన్నారని, ఒక మనిషి పోయిందని చెప్పు. రేటు ఎంత తగ్గితే అంత తగ్గనీ.

— మీ చెల్లెలి మొగుడు