ఆరో గడ్డ

ప్రభుత్వ స్టోర్సు గుమాస్తా గారికి నమస్కారాలు.

నేను ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన కార్యకర్తను. కుట్టు కార్ఖానాలో నలభై మంది ఆడవాళ్లకు, ఎవరి రొమ్ములు వాళ్లే నెలకోసారి తడిమి చూసుకోవడం నేర్పాలి. వాళ్లను ఒప్పించడానికే మూడు నెలలు పట్టింది. వచ్చే నెల ఆఖరి శుక్రవారం అక్కడి మేస్త్రమ్మ అరగంట ఇస్తానంది. మళ్లీ ఇవ్వనంది. మీ దగ్గరున్న రబ్బరు రొమ్ము నమూనా దయచేసి పంపండి.

ఇట్లు,
ఆరోగ్య కార్యకర్త

తా.క. మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేనే. ఆఫీసుకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

*

అమ్మా, ఆశీస్సులు.

మీ ఉత్తరంలో తప్పుల్లేవు. వస్తువులోనే ఉన్నాయి. తనిఖీ కాకుండా ఏ సరుకూ మా గడప దాటదు. మీరు కోరిన ఆ వస్తువును నొక్కి చూస్తే లోపల గడ్డలు తగిలాయి! నేను, హెడ్డు గుమాస్తా, వాచ్‌మన్ కమిటీగా కూర్చుని, మర్యాద కోసం కళ్లు మూసుకుని తడిమాం. నేను మూడన్నాను. హెడ్డు గారు నాలుగన్నారు. వాచ్‌మన్ ఒక్కటీ లేదన్నాడు. పైపైన నొక్కాడు లెండి. పాడైన సరుకని ఎర్ర చీటీ అంటించాం. మీ పని ఆగకూడదని బదులుగా రెండు ఫుట్‌బాళ్లు పంపుతున్నాను. ఎక్కడా గడ్డ లేదు, నాదీ పూచీ.

ఇట్లు,
గుమాస్తా

తా.క. ఆ వస్తువు పేరు రిజిస్టరులో రాయడానికి చెయ్యి రాలేదు. "ఇతరములు" అని రాశాను.

*

గుమాస్తా గారూ, నమస్కారం.

బంతులు అందాయి. అయ్యా, గడ్డలు లోపం కాదండీ. ఆ నమూనా చేసిందే వాటి కోసం! మూడు నడిమి వేళ్ల మెత్తలతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ముందు తేలిగ్గా, తర్వాత కాస్త గట్టిగా, ఆపైన ఇంకాస్త గట్టిగా నొక్కితే గడ్డ ఎలా తగులుతుందో వాళ్లకు తెలియాలి. చాలా గడ్డలు ప్రమాదం లేనివే, అయినా డాక్టరుకు చూపించుకోవాలి. లోపల ఐదున్నాయి. ఆ పాడైనదే పంపండి.

ఇట్లు,
కార్యకర్త

తా.క. మేస్త్రమ్మ బంతిని అటూ ఇటూ తిప్పి, "చదువుకున్నదానివి కదా, చెప్పు. దీనికి గాలి ఎక్కడ కొట్టాలే?" అంది.

*

అమ్మా,

ఐదా? కమిటీ మళ్లీ కూర్చుంది. మీరు చెప్పినట్టే సున్నాలు చుట్టాం. నాలుగే! అంటే ఒక గడ్డ మా స్టోర్సులోనే పోయింది. జవాబుదారీ నాదే. వాచ్‌మన్ జేబులు కూడా వెతికించాను. అది దొరికేదాకా సరుకు పంపలేను.

ఇట్లు, దిగులుతో,
గుమాస్తా

తా.క. వస్తువును సంచిలో పెట్టి ఇంటికి తీసుకెళ్తున్నాను. మా ఆవిడ బియ్యంలో రాయిని చూడకుండానే పట్టేస్తుంది.

*

గుమాస్తా గారూ,

ఐదోది అంచున, చంక వైపు ఉంటుంది. అక్కడ ఎవరూ వెతకరు, ఆడవాళ్లు కూడా. ఇంక మూడు వారాలే ఉంది. "ఆ రోజు కూడా బంతులాటే అయితే మళ్లీ నా గడప తొక్కకు" అంది మేస్త్రమ్మ. పెద్దవారు, మీ కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
కార్యకర్త

తా.క. మీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించాను. "వాచ్‌మన్ జేబుల్లోనా!" అని పడీపడీ నవ్వింది. నవ్వడం అయ్యాక తలుపేసుకుని తనూ చూసుకుంది. ఏమీ లేదట.

*

తల్లీ,

ఐదోది మా ఆవిడకు రెండు నిమిషాల్లో దొరికింది, నువ్వు చెప్పిన చోటే. "ముగ్గురు మగాళ్లు, నెల రోజులు..." అని నవ్వబోయి ఆగింది. లోపలికెళ్లి తలుపేసుకుంది. చాలాసేపటికి బయటికొచ్చి, "ఏవండీ, ఆరోది కూడా ఉంది" అంది. నేను వెర్రివాడిలా మళ్లీ నమూనా అందుకుని నొక్కసాగాను.

"అందులో కాదండీ" అంది.

పరీక్షలు చేశారు. మంచి గడ్డ కాదట. కానీ చిన్నగా ఉన్నప్పుడే వచ్చారు, నయం చేస్తాం అంది డాక్టరమ్మ. సోమవారం ఆపరేషన్. అంతకుముందు వచ్చే మీ ఆఖరి శుక్రవారం, నమూనా పట్టుకుని మా ఆవిడే మీ కార్ఖానాకు వస్తుంది. "ఆ అరగంటలో నాకూ ఐదు నిమిషాలివ్వమను" అంది. నేను గేటు బయట నిలబడతాను.

ఇట్లు,
గుమాస్తా

తా.క. రిజిస్టరులో "ఇతరములు" కొట్టేసి "రొమ్ము నమూనా" అని గుండ్రంగా రాశాను. చెయ్యి బాగానే వచ్చింది. పక్కన "లోపాలు" అనే గడిలో ఇలా రాశాను: "ఐదు. అన్నీ సక్రమంగా ఉన్నాయి."