ప్రవేశ ప్రశ్నకు జవాబు: వర్తించదు

పరిశీలన అధికారిగారికి,

నమస్కారమండీ. నేను "మంచం పక్కన" అనే వెబ్‌సైటు నడుపుతున్నాను. ఇంట్లో మంచాన పడ్డ మనిషికి సేవ చేసేవాళ్ళే ఇందులో సభ్యులు. మీ కంపెనీ అమ్మే గాలి పరుపులు, పెద్దవాళ్ళ డైపర్లు, పుండ్లకు చల్లే పౌడరు మావాళ్ళు ఎలాగూ కొంటారు. మా సైటులో లింకు నొక్కి కొంటే మాకు కమీషన్ ఇస్తారట కదా. మీ అఫిలియేట్ పథకంలో మమ్మల్నీ చేర్చుకోండి. నా కుట్టుమిషన్ సంపాదన సర్వర్ అద్దెకు చాలడం లేదు. వచ్చే నెల కట్టకపోతే సైటు మూతపడుతుంది. అప్పుడిక మావాళ్ళు గోడలతో చెప్పుకోవాలి.

ఇట్లు,
నిర్వాహకురాలు

తా.క.: ఈ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. పక్షవాతం వచ్చాక ఆయన కన్ను ఆర్పితే అవునని లెక్క. కాదనడానికి వేరే ఏర్పాటు లేదు. అందుకని మా ఇంట్లో అన్నీ ఏకగ్రీవమే.

* * *

నిర్వాహకురాలు గారికి,

దరఖాస్తు అందింది. మీ సైటు తెరిస్తే తాళంకప్ప బొమ్మ తప్ప ఏమీ కనబడలేదు. లోపల ఏముందో చూడకుండా ఆమోదించడానికి నిబంధనలు ఒప్పుకోవు. సైటును అందరికీ తెరవండి, లేదా నాకు ప్రవేశం ఇవ్వండి. ఆమోదం వస్తే, ఎవరు ఏ లింకు నొక్కారో లెక్కపెట్టే మా లెక్కింపు కోడ్ లోపల ప్రతి పేజీలోనూ పెట్టాలి.

భవదీయుడు,
పరిశీలకుడు

తా.క.: మీ భర్తగారి అంగీకారం దరఖాస్తుకు అవసరం లేదు.

* * *

పరిశీలకుడుగారికి,

అందరికీ తెరవడం మాత్రం కుదరదండీ. బయట అంటే చెప్పుతో కొట్టే మాటలు మావాళ్ళు లోపల అనుకుంటారు. ఒక్క మాట కూడా గడప దాటదని నేను మాటిచ్చాను. మీ ఒక్కరికీ తలుపు తీస్తాను. కాకపోతే చేరేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: "మీ ఇంట్లో మంచం మీద ఉన్నది ఎవరు?" జవాబు రాయనిదే తాళం రాదు. సైటును అలా కట్టింది మా మేనల్లుడు. పెళ్ళయ్యాక వాడు ఫోనెత్తడం లేదు.

ఉంటాను,
నిర్వాహకురాలు

తా.క.: మీ లెక్కింపు కోడ్ సంగతి మా ఆయన్ని అడిగాను. ఎప్పటిలాగే ఒప్పుకున్నారు.

* * *

నిర్వాహకురాలు గారికి,

ఆ ప్రశ్నకు "వర్తించదు" అని రాసి లోపలికి వెళ్ళాను. మీ సైటు దాన్ని నా పేరు పక్కన అందరికీ చూపించింది. అప్పట్నుంచీ నాకు ఓదార్పులే. "మొదట్లో మేమూ అంతే బాబూ, ఒప్పుకోడానికి టైం పడుతుంది" అని ఒకావిడ. ఒకాయనైతే మోకాళ్ళ మధ్య దిండు పెట్టి మనిషిని పక్కకు ఎలా తిప్పాలో బొమ్మలు గీసి పంపాడు. నేను డ్యూటీలో ఉన్నానని రాస్తే, "మేం మాత్రం డ్యూటీలో లేమా" అని జవాబు.

ఇక అభ్యంతరాలు. "గడియారం" అనే సభ్యురాలు "మా మామగారు ఎప్పుడు పోతారా అని చూస్తున్నా" అని రాసింది. ప్రాణహాని కోరే రాతలు మాకు నిషిద్ధం. రెండోది, మీ సభ్యుల సంఖ్య తగ్గుతోంది. వెళ్ళిపోయినవారిని తిరిగి రప్పించడానికి మీ ప్రణాళిక ఏమిటో తెలపండి.

భవదీయుడు,
పరిశీలకుడు

తా.క.: కేవలం పరిశీలన నిమిత్తం అడుగుతున్నాను. మనిషి పళ్ళు బిగబట్టి మందు తీసుకోకపోతే మీ సభ్యులు ఏం చేస్తారు?

* * *

పరిశీలకుడుగారికి,

గడియారం మామగారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంది. ఆ పేరు అందుకే వచ్చింది. ఆ మాట మా దగ్గర అనేసి, మొహం కడుక్కుని వెళ్ళి ఆయనకి అన్నం మెత్తగా పిసికి పెడుతుంది. అన్నంత మాత్రాన పోయేటట్టయితే మా ఇళ్ళన్నీ ఎప్పుడో ఖాళీ అయ్యేవి.

సభ్యులు తగ్గడమంటారా. మా దగ్గర ఒకరు మానేశారంటే వాళ్ళ మంచం ఖాళీ అయిందని అర్థం. పోయినవాళ్ళను తిరిగి రప్పించే ప్రణాళిక మీ కంపెనీలో ఉంటే చెప్పండి, మా అందరికీ పనికొస్తుంది.

ఉంటాను,
నిర్వాహకురాలు

తా.క.: బలవంతం చెయ్యకండి. చెంప నిమురుతూ కాసేపు పక్కన కూచోండి. మందు వేరే రకంగా ఇవ్వొచ్చేమో డాక్టర్ని అడగండి. ఇంతకీ మీ ఇంట్లో ఎవరు బాబూ?

* * *

అక్కయ్యగారికి,

మీ దరఖాస్తు తిరస్కరించాను. పూర్తిగా చదివి తిట్టండి.

మా లెక్కింపు కోడ్ లింకులు మాత్రమే లెక్కపెట్టదు. ఎవరు ఏం చదివారు, ఏం రాశారు, అన్నీ మాకు మోసుకొస్తుంది. దాన్నిబట్టి ఎవరికి ఏ ప్రకటన చూపించాలో కంపెనీ నిర్ణయిస్తుంది. అంత్యక్రియల సామాను కూడా మేమే అమ్ముతాం. ఆ కోడ్ ఉండుంటే, గడియారం ఆ మాట రాసిన మర్నాడే ఆమెకు వాటి మీద తగ్గింపు ధర కనబడేది. ఆమోదిస్తే మీరిచ్చిన మాట నా చేతుల మీదుగా పోయేది.

నిన్న నేనూ లోపల ఒక వాక్యం రాశాను. గడియారం రాసిందే, మామగారి చోట అమ్మ అని పెట్టి. రాశాక భయమేసింది, సిగ్గేసింది, ఆ తర్వాత, చాన్నాళ్ళుగా లేని నిద్ర పట్టింది. ఆ వాక్యం మా ఆఫీసులో ఎవరూ చదవకూడదు.

సర్వర్ అద్దె సభ్యులందరం తలా కాస్త వేసుకుందాం. వచ్చే నెలకి మూతపడనివ్వను.

మీ తమ్ముడు

తా.క.: నా పేరు పక్కన ఇంకా "వర్తించదు" అనే ఉంది. మార్చబోతే మీ సైటు ఒప్పుకోవడం లేదు. ఆ మేనల్లుణ్ణి ఎలాగైనా పట్టుకోండి. అమ్మ ఉండగానే అది మారాలి. ఆ తర్వాత ఆ జవాబే నిజమైపోతుంది.