ఆటలోని గుడి

శ్రావణీ,

నీ సంవత్సరీకం ఈరోజు అయిపోయింది. చుట్టాలు వెళ్లాక నీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఇంట్లో మనిషి పోతే ఏడాదిపాటు గుడికి వెళ్లకూడదు కదా. రోజూ గుడికి వెళ్లే పొద్దున పూట ఏం చేయాలో తోచక నీ ఆటలు ఒక్కొక్కటీ ఆడాను. మన ఇంటి వెనుక చెలక ప్లాట్లయిపోయింది, అందుకని నీ వ్యవసాయం ఆటలోనే టమాటాలు వేశాను. కార్ల ఆటలో గోడలకు గుద్దడమే సరిపోయింది. తుపాకుల ఆటలో ఎవరినీ కాల్చకుండా ఊరంతా తిరిగాను. ప్రతిసారీ వాళ్లే నన్ను కాల్చేవారు.

అన్నీ కొత్తగా మొదలుపెట్టాను గానీ, కొండ ఎక్కే ఆట మాత్రం నువ్వు ఆపిన చోటు నుంచే ఆడాను. పైన గుడి వచ్చింది. లోపలికి వెళ్తే తప్ప ఆట సాగదు. నేను గడప బయటే ఆగిపోయాను.

అది చూసి మీ బాపు నవ్వారు. "ఆటల గుడికి గూడ సూతకమేందే?"

"గుడి గుడే గదా," అన్నాను.

ఆ తర్వాత ఆ ఆట తెరవలేదు. ఈరోజు ఆయనే కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు.

"ఏడాది అయింది గదా. ఇగ పో లోపలికి."

వెళ్లాను. నువ్వు చూడని గది అది. విగ్రహం లేదు. చెరో పక్కకు వెళ్లే రెండు దారులున్నాయి. ఎటు వెళ్లాలో అడుగుదామని తల తిప్పాను. మీ బాపు కూడా నా వైపే చూస్తున్నారు.

అమ్మ