తెల్లబండి తెచ్చే గుడ్లు

వాకాడు,
నవంబరు 11.

లిల్లీ అక్కకు,

నీ చెల్లెలు వందనాలు చెప్పి రాసుకునేది. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్‌లో అయితే నువ్వు మాట మార్చేస్తావు, నేను ఊఁ అనేసి పెట్టేస్తాను. కాగితం మీద ఇద్దరికీ ఆ వీలు లేదు.

అంగన్‌వాడీ టీచరు పని మానేస్తున్నానక్కా. రాజీనామా చేత్తో రాసి ఇందులోనే పెట్టాను. నెల్లూరులో శుభ్రంగా టైపు చేయించి పంపు, నెలాఖరులోగా ఇచ్చేస్తాను. మీ మరిదికి ఇంకా చెప్పలేదు. రొయ్యల గుంటల దగ్గర ఆయన పాట్లు ఆయనవి.

నాకు ఒంట్లో బాగానే ఉంది. ఏడుపు కూడా రావడం లేదు. పంటికి మత్తుసూది వేశాక బుగ్గ మనది కానట్టు ఉంటుంది చూడు, ఒళ్లంతా అలా ఉంది. ఆగస్టులో, నాకు ఎనిమిదో నెల నడుస్తుండగా కడుపులో బిడ్డ పోయినప్పటి నుంచీ ఇంతే. సెలవు అయ్యాక తిరిగి పనిలోకి వచ్చిన రోజు ఊళ్లో ఆడవాళ్లంతా పలకరించారు. వాన గురించి, గాలి గురించి, వలల గురించి మాట్లాడారు. బిడ్డ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మా ఆయా మస్తానమ్మ పిల్లల్ని ముందే కూర్చోబెట్టి, "టీచర్ని ఏమీ అడగబాకండి, అడిగినారంటే వీపు చీరేస్తా" అని చెప్పిందట.

పిల్లలు మాత్రం మారలేదు. దేన్ని చూసినా నోళ్లు తెరుస్తారు. రేకు చిల్లులోంచి ఎండ నేల మీద బిళ్లలా పడితే, దాన్ని గుప్పిట్లో పట్టుకుని జేబులో వేసుకోవాలని కొట్టుకున్నారు. మొన్న శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మా కిటికీలు అదిరాయి. ఒక్కడూ తలెత్తలేదు. గడప మీద చీమ మెతుకును మోసుకుపోవడం చూస్తున్నారు. నన్నూ రమ్మని చెయ్యి పట్టి లాగారు. వెళ్లి చూశాను. చీమ, మెతుకు. అంతకుమించి నాకేమీ కనబడలేదు. ఇలాంటి మనిషి వాళ్లకెందుకు?

ఇక ఫర్జానా అని నాలుగేళ్ల పిల్ల ఉంది. మాకు గుడ్లు తెల్లబండిలో వస్తాయి. బయట అమ్ముకోకుండా వాటి మీద రంగు ముద్ర ఉంటుంది, పదిరోజులకోసారి రంగు మారుతుంది. రంగు మారినప్పుడల్లా ఈ పిల్ల ఉడికిన గుడ్డును చెవికి ఆనించుకుని కూర్చుంటుంది, చల్లారిపోయినా తినదు. నిన్న కసిరాను. "ఉడకబెట్టిన గుడ్డులో ఏముంటాదే? తిను!" అది భయపడి గబగబా మింగేసింది. నాకు జాలి కూడా వేయలేదు. ఆ వేయకపోవడానికే భయమేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాగితం మరిచిపోకు.

నీ చెల్లెలు,
ఆనందకుమారి


వాకాడు,
నవంబరు 21.

అక్కా,

టైపు చేసిన కాగితం అందింది. దాంతో పాటు బావగారి మోకాలి నొప్పి గురించి రెండు పేజీలు రాశావు. నా బిడ్డ గురించి ఒక్క ముక్క లేదు. నాకు కోపం రాలేదు, రావాలని మాత్రం తెలిసింది.

నిన్న బండి వచ్చింది. ఈసారి ఊదారంగు ముద్ర. ఫర్జానా గుడ్డు తీసుకుని తలుపు చాటుకు పోయి చెవికి పెట్టుకుంది. కసరడానికే వెళ్లాను. ఎందుకో పక్కన కూర్చున్నాను.

"ఏం వినపడతాదే?"

"దీంట్లో గూడా రాలేదు టీచర్."

"ఏంది రాలేదు?"

మస్తానమ్మ ఎక్కడుందో చూసుకుని, నా చెవిలో చెప్పింది. "నీ పాప."

జూలైలో పిల్లలు వరసగా నిలబడి నా పొట్టకు చెవులు ఆనించేవాళ్లు. "చేప ఎగరతా ఉండాది!" అని ఒకటే కేకలు. ఆగస్టులో వాళ్ల కళ్ల ముందే, మా కేంద్రం వాకిట్లోంచే నన్ను అంబులెన్సులో, అదీ తెల్లబండే, ఆసుపత్రికి తీసుకుపోయారు. తిరిగి వచ్చేసరికి పొట్ట లేదు, బిడ్డా లేదు. ఎవర్నీ అడగకూడదు. అందుకని ఈ పిల్ల తనే ఆలోచించుకుంది. తెల్లబండి తీసుకుపోయింది కాబట్టి తెల్లబండే తెచ్చిస్తుంది, ముద్ర వేసిన గుడ్డులో పెట్టి. రంగు మారినప్పుడల్లా వెతుకుతోందక్కా. ఊరంతా నోరు మూసుకుంటే, నా బిడ్డ కోసం ఎదురుచూసింది ఇదొక్కతే.

"రాదమ్మా. పాప చచ్చిపోయింది," అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు.

అది కాసేపు గుడ్డును చూసింది. "పేరేంది?"

మనవాళ్లెవరూ అడగలేదు, పాస్టరుగారు కూడా. బైబిల్ మొదటి పేజీలో రాద్దామనుకున్న పేరు రాయకుండానే మూసేశాం. "కరుణ," అన్నాను.

అది లేచి లోపలికి పరిగెత్తింది. "టీచర్ పాప పేరు కరుణంట! రాదంట!" మస్తానమ్మ గరిటెతో సహా పరుగున వచ్చింది. ఉండనీ అన్నాను. పిల్లలంతా నా చుట్టూ చేరారు. జుట్టు ఉండిందా? గోళ్లు ఉండినాయా? ఉండినాయని చెప్పాను, చిన్న చిన్న గోళ్లు. పొట్టలో ఉన్నప్పుడే గోళ్లా అని నోళ్లు తెరిచి, ఎవరి గోళ్లు వాళ్లు తిప్పి తిప్పి చూసుకున్నారు. నేనూ నా చేతులు చాపి చూసుకున్నాను.

ఫర్జానా గుడ్డు ఒలిచి సగం నాకు పెట్టింది. ఉప్పు తక్కువైంది. తక్కువైందని నాకు తెలిసింది.

రాజీనామా ఇవ్వడం లేదు. సాయంత్రం మీ మరిది రాగానే బైబిల్ తీసి ముందు పెట్టాను. పేరు రాసి ఆయన ఏడ్చారు. నాకింకా ఏడుపు రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చెయ్యి. తిన్నావా అని అడగొద్దు. కరుణ ఎలా ఉండేదని అడుగు. నువ్వు చూడలేదు కదా. ముక్కు అచ్చం నీదే.

కరుణ తల్లి,
ఆనందకుమారి